పసుప్పచ్చ రైన్‌కోటు వెనకాల షెవర్లే

వైజాగ్‌లో ముసురు పట్టిందంటే అందరికీ మిరపకాయ బజ్జీలు గుర్తొస్తాయి, నాకు మాత్రం ఒక పాత కారు వైపరు గుర్తొస్తుంది. ఆడీ ఆడక, మధ్యలో అద్దం మీద ఆగిపోయి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు గబగబా నాలుగుసార్లు కొట్టుకుని మళ్ళీ ఆగిపోయే వైపరు. మొన్న రాత్రి కరెంటు పోయి బాల్కనీలో కూర్చుంటే వాన చప్పుడులో అదే వినపడింది, ఇంక నిద్ర పట్టలేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

అప్పటికి మేం వన్ టౌన్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర ఉండేవాళ్ళం. నేను డిగ్రీలో ఉన్నా. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌ని 2002లో మ్యూజియం చేశారు కదా, దాని తర్వాత ఒకట్రెండేళ్ళు అనుకోండి. ఆదివారం వస్తే మా వీధి కుర్రాళ్ళం, కాలేజీ వాళ్ళు కొంతమంది, మొత్తం పది పన్నెండు మంది సైకిళ్ళేసుకుని కోస్టల్ బ్యాటరీ దగ్గర కలిసి, అక్కణ్ణుంచి రుషికొండ దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. ఇప్పటిలా హెల్మెట్లూ గ్లౌజులూ లేవు, సైకిలే ఎక్కువ. నాది నాన్న వాడిన హెర్క్యులస్, నల్లది, వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటు, దాని మధ్యలో గుండ్రంగా ఎర్రద్దం. ఇద్దరికి బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్‌లు, ఒకడికి గేర్ల సైకిలు, వాడంటే అందరికీ కుళ్ళు. మా పిన్ని కూతురు లేడీబర్డ్ తెచ్చేది, అది ఎప్పుడూ అందరికన్నా ముందే ఉండేది, ఈ మాట మగపిల్లలెవ్వరూ ఒప్పుకునేవాళ్ళు కాదు గానీ నేనిప్పుడు రాసేస్తున్నా, అదే నిజం.

అల్లిపురంలో ఒక మేస్త్రిగారి షెడ్డు ఉండేది. రేకుల షెడ్డు, లోపల ఎప్పుడూ గ్రీజు, పెట్రోలు, బీడీ పొగ కలిసిన వాసన. మాకు సైకిల్ బేరింగులకి గ్రీజు కావాలన్నా ఆయన దగ్గరకే, ఫ్రీవీల్ పట్టేసినా ఆయన దగ్గరకే. ఆయన అసలు పని మాత్రం పాత కార్లు. ఊళ్ళో ఎవరింట్లో తాతల నాటి కారు మూలపడి ఉన్నా చివరికి ఆ షెడ్డుకే చేరేది. సామాను దొరకదు కాబట్టి అక్కడే లేత్ మీద తిప్పించి, లేదా ఇంకో బండిది తెచ్చి రాకి రాకి సరిపెట్టేవారు. నేను సైకిల్ చైనుకి ఆయిల్ కొట్టించుకుంటుంటే ఒకరోజు అన్నారు, "ఆదివారం మన కార్లన్నీ భీమిలి ఎల్తన్నాయిరా. పన్నెండు బళ్ళు. మీ గుంటలంతా రండి, మద్దిలో ఏదైనా ఆగిపోతే తొయ్యడానికి మనుషులు కావాల". ఆయన తొయ్యడానికే పిలిచారు. మాకు మాత్రం వీఐపీ పాస్ ఇచ్చినట్టే అనిపించింది.

ఆదివారం తెల్లారేసరికి ముసురు. శ్రావణ మాసం, సముద్రం మీద నల్లగా అట్టలు కట్టినట్టు మబ్బులు, తుప్పర పడుతూనే ఉంది. అమ్మ వద్దంటే వద్దంది. నాన్న పోర్టులో పనిచేసేవారు, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి తన డ్యూటీ రైన్‌కోటు తెచ్చి నా భుజాల మీద వేశారు. దళసరి రబ్బరుది, పసుప్పచ్చది, మోకాళ్ళ కింద దాకా వస్తుంది, కాలరు దగ్గర ఎప్పుడూ పోని ఆయిల్ మరక ఒకటి. అది వేసుకుని తొక్కుతుంటే రెక్కలున్నట్టు అటూ ఇటూ కొట్టుకునేది.

కాళీమాత గుడి ఎదురుగా కార్లన్నీ వరసగా నిలబెట్టారు. నేను ఆ వరస మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు నడిచాను. రెండు ఫియట్లు, ఒక విల్లీస్ జీపు, పాత ముక్కు అంబాసిడరు, దానికి అన్నలాంటి ల్యాండ్‌మాస్టరు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు, చిన్న మోరిస్ మైనరు. ఆ మోరిస్‌కి ఇండికేటర్లు లైట్లు కావు, రెండు తలుపుల మధ్య స్తంభంలోంచి నారింజ రంగు చెయ్యి ఒకటి బయటికి లేస్తుంది, మనిషి చెయ్యి చాచి అటు తిరుగుతున్నా అని చెప్పినట్టే. పిల్లలందరూ అది మళ్ళీ మళ్ళీ వెయ్యమంటే దాని ఓనరు పాపం విసుక్కోకుండా వేసి చూపిస్తూనే ఉన్నారు.

అన్నిటికన్నా చివర షెవర్లే. 1940ల నాటిది. ముదురు ఆకుపచ్చ, ముందు అద్దం ఒకటే పలక కాదు, మధ్యలో కడ్డీతో రెండు ముక్కలు, బురుజు లాంటి బానెట్, లావాటి మడ్‌గార్డులు. దాని ఓనరు ఒక డాక్టర్ గారు, అప్పటికే డెబ్బై దాటారు. వాళ్ళ నాన్నగారు కొన్న బండి. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ వాళ్ళకి బొంబాయిలో ఫ్యాక్టరీ ఉండేది, 1928 నుంచి 1954 దాకా, అక్కడ బిగించిన బండే అని డాక్టర్ గారే చెప్పారు, చెప్తూ బానెట్ మీద చేత్తో రాశారు, ఆవు మెడ నిమిరినట్టు. పక్క సీట్లో మేస్త్రిగారు, ఒళ్ళో ప్లాస్టిక్ కవర్, అందులో పాత బనీను గుడ్డలు. "ఇంజన్‌కి కాదురా భయం, తడికే భయం" అన్నారు నాతో.

ఏడున్నరకి బయల్దేరాం. రోడ్డు తడి, అందరూ మెల్లగా వెళ్ళాలి, ఎవరూ ఎవరినీ దాటకూడదు అన్నారు. మేం పక్కన సైకిళ్ళ మీద. సబ్‌మెరైన్ దాటి, పార్క్ హోటల్ దాటేదాకా కార్లూ మేమూ కలిసే వెళ్ళాం, కుడిపక్క సముద్రం బూడిద రంగులో ఉంది, అలలు మామూలు కన్నా పెద్దవి. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు గొడుగుల కింద ఆగి చేతులూపుతున్నారు, ఎవరికి ఊపుతున్నారో తెలీదు, మేం కూడా ఊపేశాం. నాకు జీవితంలో అంత గర్వంగా అనిపించిన ఉదయాలు చాలా తక్కువ.

ఉడా పార్కు దగ్గరే హెరాల్డు ఆగిపోయింది. మేస్త్రిగారు దిగి పరిగెట్టారు. దాని బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా ముందుకి లేస్తుంది, ఇంజన్ అంతా ఆరుబయట పెట్టినట్టు అయిపోతుంది, ఎండలో అయితే పనికి భలే సుఖం, వానలో మాత్రం ఉన్న నీళ్ళన్నీ లోపలికే. మేం నలుగురం నా రైన్‌కోటు విప్పి నాలుగు మూలలా పట్టుకుని ఇంజన్ మీద పందిరిలా నిలబడ్డాం. మేస్త్రిగారు ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, బనీను గుడ్డతో లోపల తుడిచి, ఒక్కో ప్లగ్ వైరూ పీకి తుడిచి మళ్ళీ నొక్కారు. "కరెంటు ప్లగ్గులోకి ఎల్లకుండా తడిలోంచి జారిపోతాది, అంతే దీని రోగం" అన్నారు. రెండో సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. ఇప్పటికీ మా బైకు వానలో మొరాయిస్తే నేను ముందు ప్లగ్ క్యాపే తుడుస్తా.

లాసన్స్ బే, అప్పూఘర్ దాటేసరికి తుప్పర కాస్తా జడివాన అయిపోయింది. జోడుగుళ్ళపాలెం దాటగానే కైలాసగిరి కింద నుంచి టెన్నేటి పార్కు వైపు రోడ్డు పైకి ఎక్కుతుంది కదా, అక్కడికి వచ్చేసరికి షెవర్లే వెనకపడిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే నడి రోడ్డు మీద నిలబడి ఉంది. నేనూ, మా పిన్ని కూతురూ వెనక్కి తిప్పాం.

ఇంజన్ బాగానే ఆడుతోంది. డాక్టర్ గారికి ఏమీ కనపడటం లేదు, అదీ సంగతి. ఆ బండి వైపర్లకి కరెంటు మోటరు లేదు, ఇంజన్ గాలి పీల్చుకుంటుంది కదా, ఆ పీల్పుతోనే వైపరు ఆడుతుంది. కాలు తీసేస్తే పీల్పు ఎక్కువ, వైపరు గబగబా కొట్టుకుంటుంది. ఎక్సలేటర్ నొక్కితే పీల్పు పోయి వైపరు ఎక్కడున్నది అక్కడే నిలబడిపోతుంది. అంటే ఎత్తు ఎక్కాలంటే నొక్కాలి, నొక్కితే దారి కనపడదు, దారి కనపడాలంటే కాలు తియ్యాలి, కాలు తీస్తే బండి ఎక్కదు. "కాలు తీసీండి బాబూ, వైపరు ఆడతాది... ఇప్పుడు నొక్కండి... మళ్ళీ తీసీండి" అని మేస్త్రిగారు పక్కనుంచి చెప్తూనే ఉన్నారు, డాక్టర్ గారు కిటికీలోంచి తల బయటికి పెట్టి చూద్దామంటే కళ్ళజోడంతా నీళ్ళు.

రోడ్డు పక్క తాటాకు పాక కింద జాలరి మామ్మ ఒకావిడ గంప పెట్టుకుని కూర్చుంది, నోట్లో చుట్ట, అడ్డచుట్ట, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. మా వైపు పల్లెకారుల్లో, పొలాల్లో పనిచేసే ఆడవాళ్ళు అలాగే కాలుస్తారు, గాలొచ్చినా వానొచ్చినా నిప్పు ఆరదని. మేస్త్రిగారు సరాసరి ఆవిడ దగ్గరకెళ్ళి, "అమ్మా, ఒక చుట్ట ఉంటే ఇయ్యమ్మా" అన్నారు. ఆవిడ నోట్లోది తియ్యకుండానే బొడ్లోంచి ఇంకోటి తీసి ఇచ్చింది. ఈ వానలో ఈయనకి చుట్ట ఎందుకు అనుకున్నా. ఆయన దాన్ని విప్పేసి, పొగాకు అరచేతిలో వేసుకుని, వాన నీళ్ళతోనే ముద్దలా నలిపి, షెవర్లే అద్దం రెండు ముక్కలకీ బాగా పట్టించి రుద్దారు, పచ్చటి నురగలాంటి మడ్డి కిందికి కారింది. అంతే, నీళ్ళు చుక్కలు చుక్కలుగా నిలబడటం మానేసి పల్చగా పొరలా జారిపోవడం మొదలుపెట్టాయి. మామ్మ ఇదంతా చూసి, "ఓలమ్మో, కారుకి చుట్ట కాల్పించేసినాడు" అని నవ్వేసింది, డబ్బులిస్తే తీసుకోలేదు.

అయినా పూర్తిగా కనపడుతుందని కాదు. అప్పుడే డాక్టర్ గారు నన్ను పిలిచారు. "బాబూ, నీ పసుప్పచ్చ కోటు ఒక్కటే నాకు కనపడుతోంది. నువ్వు రోడ్డు మధ్య గీత పట్టుకుని, నాకు ఒక ఇరవై గజాల ముందు వెళ్తూ ఉండు. నువ్వెటు తిరిగితే నేనటు తిరుగుతాను. నెమ్మదిగా తొక్కినా పర్లేదు, ఆగిపోకు" అన్నారు.

ఆ ఎత్తు నేను అంతకు ముందు చాలాసార్లు దిగి తోసుకుంటూ ఎక్కినవాణ్ణి. ఆ రోజు దిగలేదు. వెనకాల ఆరు సిలిండర్ల ఇంజన్ మొదటి గేర్లో మూలుగుతూ వస్తోంది, ఆ వేడి నా వీపుకి తగులుతోందేమో అనిపించేది, సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కుతున్నా, రైన్‌కోటు లోపల చెమట, బయట వాన, కింద ఎక్కడో రాళ్ళకి సముద్రం కొట్టుకుంటున్న చప్పుడు. ముందు మా పిన్ని కూతురు లేడీబర్డ్ మీద వెళ్తూ, ఎదురొచ్చే బళ్ళకి చెయ్యెత్తి పక్కకి తప్పిస్తోంది. ఒక లారీ అతను బండి పక్కకి తీసి ఆపేసి మేం ముగ్గురం, అంటే ఒక అమ్మాయి, ఒక పసుప్పచ్చ కోటు, ఒక షెవర్లే, దాటేదాకా అలా చూస్తూ కూర్చున్నాడు.

ఎక్కడం అయింది గానీ దిగడంలో పడ్డాను. సాగర్‌నగర్ వైపు డౌన్‌లో బ్రేకు పట్టలేదు. స్టీలు రిమ్ముకి తడి అంటితే రబ్బరు జారిపోతుంది, ఎంత నొక్కినా సబ్బు మీద నొక్కినట్టే. రోడ్డు పక్క ఇసకలోకి దింపేసి పడిపోయాను, మోచెయ్యి గీసుకుపోయింది, అంతకన్నా ఏం కాలేదు. నాకు భయం వేసింది వెనకాల వచ్చే కారు గురించే. కానీ అది అప్పటికే ఆగి ఉంది. మేస్త్రిగారు వచ్చి నన్ను లేపి, ముందు సైకిల్ ముందు చక్రం వంకర పోయిందేమో చూసి, తర్వాత నా చెయ్యి చూశారు. "బ్రేకు కావలసినప్పుడు నొక్కడం కాదురా. వానలో ముందునుంచే అలా అలా తగిలిస్తా ఉండాల. తడి ఎగిరిపోతాది, అప్పుడు పడతాది. డాక్టర్ బాబుకి కూడా పొద్దున్నించి అదే సెప్తన్నాను, ఆ కారు బ్రేకు డ్రమ్ములూ అంతే" అన్నారు. డెబ్బై ఏళ్ళ డాక్టర్ గారికీ నాకూ ఒకటే పాఠం.

రుషికొండ దగ్గర అందరూ ఆగి మా కోసం చూస్తున్నారు. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, నిమ్మచెక్క, ఉప్పూ కారం. నా మోచేతికి డాక్టర్ గారే స్వయంగా కట్టు కట్టారు, కారు డిక్కీలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉంది, అది కూడా కారంత పాతదే. అసలు మేం రుషికొండ నుంచి తిరిగెళ్ళిపోవాలి, అదే మా లెక్క. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

తొట్లకొండ, మంగమారిపేట అంతా వానే, పెద్దగా చెప్పడానికేం లేదు, తల వంచుకుని తొక్కడమే. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయాం. దిబ్బల్లోంచి వాన నీళ్ళు ఎర్రగా, పసుపూ సున్నం కలిపిన పారాణిలా గట్ల మీంచి దిగి, రోడ్డు అంచున వాగులై పారుతున్నాయి. నా సైకిల్ టైర్లు, షెవర్లే తెల్ల టైర్లు అన్నీ ఒకే రంగు. ఆ మట్టి మరక నాన్న రైన్‌కోటు అంచుకి పట్టి మళ్ళీ పోలేదు.

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో భోజనాలు పెట్టారు. డాక్టర్ గారు మమ్మల్ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. భీమిలి 1861 నాటి మున్సిపాలిటీ అనీ, అక్కడ డచ్చి వాళ్ళ సమాధులున్నాయనీ, వాళ్ళ నాన్నగారు ఈ కారులోనే ఇక్కడికి రోగుల్ని చూడటానికి వచ్చేవారనీ చెప్పారు. అప్పట్లో వానొస్తే ఏం చేసేవారండీ అని అడిగా. "ముందు ఒక మనిషి లాంతరు పట్టుకుని నడిచేవాడట" అన్నారు, కాసేపాగి, "ఇవాళ నువ్వు" అన్నారు.

ఇది రాస్తుంటే ఇంకోటి గుర్తొస్తోంది. 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆపేశారు, అదే ఏడు అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి బీచ్ రోడ్డు పొడుగునా చెట్లన్నీ పడగొట్టేసింది. ఆ రోజు మేం తడుస్తూ వెళ్ళిన రోడ్డులో తల దాచుకోడానికి ఆగిన చెట్లు ఇప్పుడు లేవు. 2021 నుంచి 50 ఏళ్ళు దాటిన బళ్ళకి నంబర్ ప్లేట్లో వీఏ అని వేసుకోవచ్చని రూల్ వచ్చింది, ఆ వార్త పేపర్లో చూసిన రోజు ముందు మేస్త్రిగారే గుర్తొచ్చారు. ఆయన షెడ్డున్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంటు. పాత బండిని కాపాడింది నంబర్ ప్లేట్ కాదండీ, ఆ ప్లాస్టిక్ కవర్లో బనీను గుడ్డలు.

సాయంత్రం వాన తగ్గుతుందని చూసి చూసి ఐదు దాటాక బయల్దేరాం. నా మోచెయ్యి వాచిపోయి హ్యాండిల్ పట్టలేకపోతున్నా. మేస్త్రిగారు నా హెర్క్యులస్‌ని జీపు వెనక కొబ్బరి తాడుతో కట్టించి, నన్ను షెవర్లే ముందు సీట్లోకి ఎక్కించి, ఆయన వెనక కూర్చున్నారు. సీటు సోఫా అంత వెడల్పు, తడి గుడ్డల వాసన, పొగాకు వాసన. పసుప్పచ్చ కోటు విప్పి ఎస్‌ఎల్‌ఆర్ వాడికి ఇచ్చా. వాడు ముందు వెళ్ళాలి కదా.

రుషికొండ వచ్చేసరికి పూర్తిగా చీకటి. ఆరు వోల్టుల బ్యాటరీ, లైట్లు పసుపు పచ్చగా, దీపం బుడ్డి వెలుతురంత. ఎత్తు మొదలయింది, డాక్టర్ గారు నొక్కారు, వైపరు అద్దం మధ్యలో నిలబడిపోయింది. అప్పుడు లోపలి నుంచి చూశా, పొద్దున్న ఆయనకి ఏం కనపడిందో. రోడ్డు లేదు, కొండ లేదు, ఎడం పక్క సముద్రం ఉందని చప్పుడుని బట్టి తెలియడమే. అద్దం మీద నీళ్ళ వెనకాల, దూరంగా, మా వాడి సైకిల్ ఎర్రద్దం ఒక్కటి, అటూ ఇటూ ఊగుతూ, పైకి వెళ్తోంది. డాక్టర్ గారు కళ్ళు దాని మీంచి తియ్యకుండా, "ఉన్నాడా?" అని అడిగారు.

"ఉన్నాడండీ" అన్నాను.